మా అబ్బాయి ట్రస్టుకి ట్రస్టీగా ఎవరిని పెట్టాలి? అక్కనా, మేనమామనా, కంపెనీనా?

సాయంత్రపునడక

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. విషయం కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి పెళ్లయి అమెరికాలో స్థిరపడింది. అబ్బాయికి ఆటిజం, దాంతోపాటు మేధోవైకల్యం. ఇరవై దాటాయి. తన పనులు చాలావరకు తనే చేసుకుంటాడు గానీ డబ్బు లెక్క తెలీదు, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాడు. మా తరవాత వాడికి లోటు రాకూడదని ఒక ప్రైవేటు ట్రస్టు పెట్టి, అద్దెకిచ్చిన ఇల్లు, రెండు షాపులు, కొన్ని డిపాజిట్లు అందులోకి మార్చాలని నిర్ణయించుకున్నాం. లాయరుగారు డీడ్ (ట్రస్టు పత్రం) డ్రాఫ్టు ఇచ్చేశారు. అన్నీ నింపాం, ట్రస్టీల పేర్లు, అంటే వాడి కోసం ఆ ఆస్తిని చూసేవాళ్ల పేర్లు, రాయాల్సిన చోట మాత్రం చుక్కలు అలాగే ఉన్నాయి.

మా ఆలోచనలో నలుగురున్నారు. మా అమ్మాయి. మా బావమరిది, అంటే వాడి మేనమామ. మా రెండు షాపుల్లో ఒకదాంట్లో వ్యాపారం చేసుకుంటున్నాడు, మా అబ్బాయంటే ప్రాణం. నాతో పాటు బ్యాంకులో పనిచేసి రిటైరైన స్నేహితుడు ఒకాయన. నాలుగో వ్యక్తి మా ఆడిటరు. వీళ్లెవరూ కాదనుకుంటే డబ్బు తీసుకుని ట్రస్టీగా ఉండే కంపెనీలున్నాయని విన్నాను. డీడ్‌లో మేం రాసుకున్నదేమంటే, వాడు ఉన్నంతకాలం ఆదాయమంతా వాడికి, వాడి తరవాత మిగిలింది అమ్మాయి పిల్లలకి.

మీరైతే ఎవరి పేరు రాస్తారు?

ముక్కుసూటి

సొంత అక్క ఉండగా ఈ ప్రశ్నే రాకూడదు సార్. వాణ్ణి చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి కంటే బయటివాళ్లు ఎక్కువా? అమ్మాయి పేరు రాసి సంతకం పెట్టెయ్యండి. బావమరిదిని రెండో ట్రస్టీగా వేసుకోండి. అయిపోయింది.

ఎర్రసిరా

అంత తేలిగ్గా అయిపోదండీ. నేను సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తాను. మన ప్రైవేటు ట్రస్టులకి ఇప్పటికీ ఆధారం 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్టే. దాని 60వ సెక్షన్ ప్రకారం సరైన ట్రస్టీలు కావాలని కోరడం బెనిఫిషియరీ హక్కు, అంటే ట్రస్టు ఎవరి మేలు కోసం పెట్టారో ఆ మనిషి హక్కు. ఎవరు సరైనవాళ్లు కారో కిందే రాసి ఉంది: విదేశంలో స్థిరనివాసం ఉన్నవాళ్లు, బెనిఫిషియరీ ప్రయోజనానికి అడ్డుపడే సొంత ప్రయోజనం ఉన్నవాళ్లు, దివాలా స్థితిలో ఉన్నవాళ్లు. అదే చోట మరో మాట కూడా ఉంది, డబ్బు వసూలు చేసి దాచే పని ఉన్న ట్రస్టుకి కనీసం ఇద్దరు ట్రస్టీలు ఉండాలని.

సాయంత్రపునడక గారూ, మీ జాబితాలో మొదటి పేరు విదేశంలో ఉంది. రెండో పేరు మీ షాపులో అద్దెకుంది. రెండూ ఆ సెక్షన్ వేలుపెట్టి చూపించిన చోట్లే.

(పెళ్లయిన ఆడవాళ్లని, మైనర్లని కూడా ఆ జాబితాలో ఒకే గాట కట్టారు, "బెనిఫిషియరీ పర్సనల్ లా (మతాన్ని బట్టి వర్తించే కుటుంబ చట్టం) ఒప్పుకుంటే తప్ప" అని. 1882 కదా. భార్యలు, కూతుళ్లు ట్రస్టీలుగా ఉన్న డీడ్‌లు నేనే బోలెడు రాశాను, దాని గురించి కంగారు పడకండి.)

ముక్కుసూటి

బ్రిటిష్ వాళ్లు ఓడల్లో తిరిగిన రోజుల్లో రాసిన రూలది మేడమ్. ఇప్పుడు వీడియో కాల్ ఉంది, నెట్ బ్యాంకింగ్ ఉంది. అమెరికాలో ఉంటే తమ్ముడు పరాయివాడైపోతాడా?

దూరదేశి

ముక్కుసూటి అన్నా, నేను ఆ అమ్మాయి స్థానంలోనే ఉన్నాను, అమెరికాలోనే. మా నాన్నగారు పెట్టిన ట్రస్టులో నా పేరుంది. ప్రేమకి దూరం అడ్డు కాదు, నిజమే. పనికి అడ్డే. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన రోజు గోడలు ఎవరు చూస్తారు? బ్యాంకువాళ్లు కేవైసీ అంటారు, ట్రస్టీలందరూ ఒరిజినల్స్‌తో రావాలంటారు. ఓటీపీ ఇండియా నంబరుకి వస్తుంది, ఆ సిమ్ రీచార్జి చెయ్యకపోతే పోతుంది. పవరాఫ్ అటార్నీ ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటాం గానీ ట్రస్టీ తన బాధ్యతని ఇష్టమొచ్చినట్టు ఇంకొకరికి అప్పగించడానికి చట్టం ఒప్పుకోదు, డీడ్‌లో దారి ఉంచుకుంటే తప్ప.

ఇటువైపు గొడవ ఇంకొకటి. అమెరికాలో ఉండేవాళ్లకి ఇండియా ఖాతాలో సంతకం చేసే అధికారం ఉంటే చాలు, సొమ్ము తమది కాకపోయినా, విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు అమెరికా ప్రభుత్వానికి వెయ్యాలి. మరిచిపోతే జరిమానాలు గట్టిగా ఉంటాయి. మీ అమ్మాయి పేరు రాసే ముందు ఆమె అక్కడి ట్యాక్స్ ప్రిపేరర్‌ని ఒకసారి అడగమనండి.

లెక్కలపంతులు

నేను ఆడిటర్ని, సాయంత్రపునడక గారి ఆడిటర్ని మాత్రం కాదు :)

అందరూ "ఎవరు నమ్మకస్తులు" అని అడుగుతారు. దానికి జవాబు దొరకదు, ఎందుకంటే డబ్బు చేతిలోకి రాకముందు అందరూ నమ్మకస్తులే. నేను అడిగించే ప్రశ్న వేరు. అబ్బాయి మీద ఒక రూపాయి తక్కువ ఖర్చు పెడితే, ఆ రూపాయి చివరికి ఎవరింటికి చేరుతుంది?

మీ డీడ్ ప్రకారం మిగిలింది అమ్మాయి పిల్లలకి. అంటే తమ్ముడికి మంచి కేర్‌టేకర్ని పెట్టాలా, చవకలో కానిచ్చేద్దామా అని నిర్ణయించే మనిషి, ఆదా అయిన ప్రతి రూపాయీ తన పిల్లలకే వచ్చే మనిషి. ఆమె దేవతే కావచ్చు. అయినా ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చోబెట్టడం ఆమెకే అన్యాయం. రేపు ఖర్చు తగ్గిస్తే లోకం ఒకటంటుంది, పెంచితే అత్తింటివాళ్లు ఇంకొకటంటారు.

మీ బావమరిది సంగతి ఇంకా సూటిగా ఉంది. అద్దె పెంచాల్సింది ట్రస్టీ, కట్టాల్సింది కిరాయిదారు. ఇద్దరూ ఒకడే అయితే అద్దె పెరగదు. మోసం అక్కర్లేదు, మొహమాటం చాలు.

ఎర్రసిరా

లెక్కలపంతులు గారు అన్నదానికి సరిగ్గా సరిపోయే పాత కేసు ఒకటుంది, ఇంగ్లండులో 1726 నాటిది, కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్. ఒక పసివాడి కోసం ట్రస్టీ చేతిలో ఒక మార్కెట్ లీజు ఉంది. గడువు తీరాక స్థలం యజమాని "పిల్లాడి పేరు మీద రాయను" అన్నాడు. అయితే నా పేరు మీద రాయండి అని ట్రస్టీ తీసుకున్నాడు. అతను దొంగతనం చేశాడని కోర్టు అనలేదు. ఆ లీజు ఎవరైనా తీసుకోవచ్చు, ట్రస్టీ ఒక్కడు తప్ప అంది. వచ్చిన లాభమంతా పిల్లాడికి కక్కాల్సి వచ్చింది. మన చట్టంలో 51వ సెక్షన్ ఇదే దారిలో ఉంటుంది: ట్రస్టు ఆస్తిని ట్రస్టీ సొంత లాభానికి వాడుకోకూడదు. ఆ తరవాతి సెక్షన్లు ఇంకా బిగించాయి. అమ్మే బాధ్యత ఉన్న ట్రస్టీ ఆ ఆస్తిని తనే కొనుక్కోకూడదు, ట్రస్టీలు తమలో ఒకరికి ట్రస్టు డబ్బు అప్పివ్వకూడదు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఈ చివరిదే. "నాలుగు నెలల్లో సర్దేస్తా బావా" అని.

సాయంత్రపునడక

పొద్దున్నించీ ఇవన్నీ రెండుసార్లు చదివాను. మా ఆవిడకి చదివి వినిపిస్తే "మా తమ్ముణ్ణి దొంగని చేస్తున్నారా" అని అలిగింది. నిజం చెప్పాలంటే నాకూ కష్టంగానే ఉంది. వాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లింది మేనమామే. అద్దె మార్కెట్టు కంటే తక్కువే కడుతున్నాడు, ఒప్పుకుంటాను, మేమే అడగలేదు.

మేనమామని

సాయంత్రపునడక అన్నయ్యా, పేరు చూశారుగా, నేనూ మేనమామనే. మా అక్క కొడుకు ట్రస్టుకి ట్రస్టీని, ఇంకొకాయనతో కలిపి. మీ బావమరిదికి చెప్పడానికి పనికొస్తుందని ఈ పని ఎలా ఉంటుందో రాస్తాను, ఎందుకంటే అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి వేరు, ఈ పనికి కావాల్సిన మనిషి వేరు. ఒక్కరే రెండూ కావచ్చు, కాకపోవచ్చు.

నా దగ్గర ఒక బాక్సు ఫైలుంది. అద్దె రసీదులు, ఇంటిపన్ను, ఫిజియోథెరపీ బిల్లులు, కేర్‌టేకర్ జీతం వోచర్లు, డిపాజిట్ల రెన్యువల్ తేదీలు రాసిన ఒక అట్ట. మూడు నెలలకోసారి ఇద్దరం కూర్చుని ప్రతి కాగితం మీద పొట్టి సంతకాలు పెడతాం. ఇది బోరుకొట్టే పని. ప్రేమ ఉన్నవాళ్లు చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు.

కష్టం లెక్కల్లో కాదు, నిర్ణయాల్లో ఉంది. వాడి గదిలో ఏసీ పెట్టించమని చూసుకునేవాళ్లు అడిగారు. డీడ్‌లో "పోషణ, వైద్యం, విద్య" అని ఉంది. ఏసీ వీటిలో దేనికిందికొస్తుంది? నాతోపాటి ట్రస్టీ కుదరదన్నారు, ఆయన తప్పు కాదు, రాసింది రాసినట్టు చదివారు. నేనేమో ఉక్కపోస్తే వాడు నిద్రపోడు, నిద్రలేకపోతే మూర్ఛలొస్తాయి, కాబట్టి వైద్యమే అన్నాను. చివరికి న్యూరాలజిస్టు దగ్గర చీటీ రాయించి ఫైల్లో పెట్టి కొన్నాం. ఆ చీటీ ఇప్పటికీ ఫైల్లో ఉంది. డబ్బు తినేసే ట్రస్టీ ఎంత ప్రమాదమో, భయంతో ఏమీ ఖర్చుపెట్టని ట్రస్టీ కూడా అంతే. రెండోవాడి మీద ఎవరూ కేసు వెయ్యరు, అదీ తేడా.

అందుకని మనిషిని చూసేటప్పుడు "ఇతను కాగితం దాస్తాడా" అని ఎంత చూస్తారో, "అవసరమైనప్పుడు సరే అనగలడా" అని కూడా అంతే చూడండి.

చిట్టితల్లి

అందరికీ నమస్తే. నేను సెరిబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయికి తల్లిని. చర్చలో ఒకటి కలగాపులగమైపోతోంది అన్నయ్యగారూ. ట్రస్టీ వేరు, గార్డియన్ వేరు. ట్రస్టీ డబ్బు చూస్తాడు. పిల్లవాడు ఎక్కడుండాలి, ఏ వైద్యం చేయించాలి, వాడి తరఫున ఎవరు సంతకం పెట్టాలి, ఇవి గార్డియన్ చూసేవి.

18 నిండాక మనం తల్లిదండ్రులమే అయినా చట్టం దృష్టిలో గార్డియన్లం కాము. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద జిల్లాలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు చేసి లీగల్ గార్డియన్‌షిప్ తీసుకోవాలి. మీరు తీసుకున్నారా? లేకపోతే ట్రస్టు కంటే ముందు అది చూడండి. ఆ చట్టం ప్రకారం గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తుల చిట్టా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా డబ్బు పక్కదారి పట్టించినా తీసేయమని బంధువులెవరైనా అడగొచ్చు.

మా పేరెంట్స్ గ్రూపులో చాలామంది చేసేది ఏమిటంటే, దగ్గరుండి చూసుకునే మనిషిని గార్డియన్‌గా పెట్టి, డబ్బు చేతిలో ఉండే మనిషిని వేరేగా పెడతారు. ఒకరు అడగాలి, ఇంకొకరు ఇవ్వాలి. మీ బావమరిదిగారు మొదటి దానికి బాగా సరిపోతారనిపిస్తోంది. మీ ఆవిడకి ఇలా చెప్పి చూడండి, అలక తగ్గొచ్చు.

కొత్తబాకీ

మరి కంపెనీ సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి? మనుషులతో ఇన్ని తిప్పలున్నప్పుడు ట్రస్టీ కంపెనీకి ఇచ్చేస్తే పోలా? చనిపోదు, అలగదు, అమెరికా వెళ్లదు.

లెక్కలపంతులు

చనిపోదు గానీ అమ్ముడుపోతుంది. ఇవాళ మీరు ఒప్పందం చేసుకున్న సంస్థ రేపు ఇంకొకరి చేతికి వెళ్లొచ్చు, ఫీజుల పట్టిక మారొచ్చు. మంచి విషయాలు లేకపోలేదు. లెక్కలు పద్ధతిగా ఉంటాయి, పెట్టుబడులు చూడ్డానికి మనుషులుంటారు, కుటుంబ రాజకీయాలుండవు. చిక్కు ఎక్కడంటే, చిన్న ఆస్తుల మీద వాళ్లకి ఆసక్తి ఉండదు, ఫీజు ఆదాయంలో గణనీయంగా తినేస్తుంది. అద్దెల ఆస్తులంటే చాలామంది వెనకాడతారు, డిపాజిట్లూ ఫండ్లూ అయితే ఇష్టపడతారు. మేనమామని గారు చెప్పిన ఏసీ లాంటి ప్రశ్న వాళ్ల దగ్గరికి వెళితే ఈమెయిల్ నుంచి ఈమెయిల్‌కి తిరిగి, వేసవి అయిపోయాక జవాబొస్తుంది.

అడిగి తీరాల్సినవి ఉన్నాయి. ఫీజు ఆస్తి విలువ మీదా, ఆదాయం మీదా? ఇల్లు అమ్మాల్సొస్తే అదనంగా ఎంత? పెట్టుబడులు వాళ్ల గ్రూపు కంపెనీ పథకాల్లోనే పెడతారా? ఈ చివరి ప్రశ్నకి నీళ్లు నమిలితే బయటికొచ్చేయండి.

ప్రభుత్వం వైపు అఫీషియల్ ట్రస్టీ అనే పదవి కూడా ఉంది, 1913 చట్టం కింద. చివరి దిక్కుగా గుర్తుపెట్టుకోండి, మొదటి ఎంపికగా కాదు.

ముక్కుసూటి

సరే, అమ్మాయి దూరం, బావమరిది కిరాయిదారు, కంపెనీకి మనసు లేదు. మిగిలింది బ్యాంకు స్నేహితుడు. నిజాయితీ ఉంది, లెక్కలొచ్చు, ఏ వాటా లేదు. ఈయన్ని వేసేయండి.

ఎర్రసిరా

ఆయన వయసెంత? సాయంత్రపునడక గారితో పాటు రిటైరయ్యారు, అంటే అరవై దాటాయి. అబ్బాయికి ఇరవై చిల్లర. అబ్బాయికి అరవై వచ్చేసరికి ఆయన వందేళ్ల మనిషి. ఆయన మంచి మొదటి ట్రస్టీ కావచ్చు. ప్రశ్న ఆయన తరవాత ఎవరన్నది.

ఇది చాలామంది డీడ్‌లో ఖాళీ వదిలేసే చోటు, నాకు ఎక్కువ కేసులొచ్చేదీ ఇక్కడినుంచే. ఒక ట్రస్టీ పోయినా, ఆరు నెలలు వరసగా దేశంలో లేకపోయినా, దివాలా తీసినా, తప్పుకుంటానన్నా, పనికి అనర్హుడైనా కొత్తవాళ్లని వెయ్యొచ్చని 73వ సెక్షన్ అంటుంది. ఎవరు వెయ్యాలి? డీడ్‌లో ఎవరికి ఆ అధికారం రాసుంటే వాళ్లు. ఏమీ రాయకపోతే ట్రస్టు పెట్టినాయన బతికుంటే ఆయన, లేకపోతే మిగిలిన ట్రస్టీలు, వాళ్లూ లేకపోతే ఆఖరి ట్రస్టీ వారసులు. ఒక్కసారి ఊహించండి. మీ స్నేహితుడు ఆఖరి ట్రస్టీగా పోతే, మీ అబ్బాయి మొహం కూడా చూడని ఆయన కొడుకు మీ అబ్బాయికి ట్రస్టీని ఎంపిక చేస్తాడు. ఎవరికీ పట్టకపోతే సివిల్ కోర్టుకి పిటిషన్ పెట్టుకోవాలి, అదీ ఎవరో ఒకరు పూనుకుంటేనే.

నా మటుకు నేను క్లయింట్లకి చెప్పేది ఇది. పేరు కోసం ఇంత తల బద్దలు కొట్టుకోకండి, ఆ పేరుని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో దాని మీద కొట్టుకోండి. మంచి ట్రస్టీ కూడా పదేళ్లకి అలిసిపోతాడు, జబ్బుపడతాడు, పిల్లల దగ్గరికి వెళ్లిపోతాడు. పైగా ఒకసారి ఒప్పుకున్నాక ఊరికే వదిలేసి పోవడానికి వీల్లేదు. కోర్టు అనుమతో, కాంట్రాక్టు చెయ్యగల బెనిఫిషియరీ ఒప్పుదలో, డీడ్‌లో ప్రత్యేకంగా రాసిన దారో కావాలి. మీ అబ్బాయి ఒప్పుదల ఇవ్వలేడు. కాబట్టి రాజీనామా దారి డీడ్‌లోనే ఉండాలి.

దూరదేశి

అయితే ఆ మార్చే అధికారం అమ్మాయికి ఇవ్వొచ్చు కదా మేడమ్? మా నాన్నగారు తరవాత అలాగే సవరించారు. నేను ఇప్పుడు ట్రస్టీని కాను, ప్రొటెక్టర్ని. చెక్కుల మీద నా సంతకం లేదు. కానీ ఏటా లెక్కలు నాకు పంపాలి, ఎవరైనా సరిగ్గా చెయ్యకపోతే కారణం రాసి తీసేసి ఇంకొకర్ని పెట్టే అధికారం నాది. దూరాన్నుంచి చెయ్యగలిగే పని ఇదొక్కటే, దూరంగా ఉండటం దీనికి మంచిది కూడా.

ఎర్రసిరా

ఇవ్వొచ్చు. మన చట్టంలో ప్రొటెక్టర్ అన్న మాట లేదు, కానీ డీడ్‌లో అధికారం స్పష్టంగా రాస్తే నడుస్తుంది. రెండు జాగ్రత్తలు. ఆమె పిల్లలకి మిగులు వాటా ఉంది కాబట్టి, తనని గానీ భర్తని గానీ ట్రస్టీగా వేసుకోకూడదని రాయండి. ఆమె తరవాత ఆ అధికారం ఎవరికి వెళ్తుందో కూడా రాయండి.

ఇంకో సంగతి, ఇద్దరు ట్రస్టీలుంటే అన్నిటికీ ఇద్దరూ కలవాలి, డీడ్ వేరేగా చెప్తే తప్ప. ఇద్దరికీ పడకపోతే బండి ఆగుతుంది. ముగ్గుర్ని పెట్టి మెజారిటీ చాలని రాస్తే ఆగదు.

సాయంత్రపునడక

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ కృతజ్ఞతలు. గార్డియన్‌షిప్ మేం తీసుకోలేదు చిట్టితల్లి గారూ, తీసుకోవాలని కూడా తెలీదు. రేపే కనుక్కుంటాను.

రెండు సందేహాలు. మా ఆడిటరు ట్రస్టీగా ఉంటే ఆయనే లెక్కలూ చూస్తారు కదా, ఖర్చు కలిసొస్తుందా? ట్రస్టీకి జీతం ఇవ్వొచ్చా? ఇస్తే బాగుంటుందా?

లెక్కలపంతులు

ఆయన ట్రస్టీ అయితే ఆడిట్ ఇంకొకరు చెయ్యాలి. తను పెట్టిన ఖర్చుని తనే సరిచూసుకుంటే ఇక ఆడిట్ ఎందుకు? ఆయన్ని ఆడిటర్‌గానే ఉంచండి, ఎక్కువ ఉపయోగం.

జీతం సంగతి: డీడ్‌లో రాయకపోతే ట్రస్టీకి ప్రతిఫలం అడిగే హక్కు లేదు. మనవాళ్లు "ఛ, వాడికి డబ్బులిస్తామా, నా తమ్ముడు" అని రాయరు. నేను రాయించమంటాను. ఊరికే చేసేవాణ్ణి లెక్కలడగడానికి నోరు రాదు. కొద్దో గొప్పో తీసుకునేవాణ్ణి అడగొచ్చు. ఖర్చులకి వేరు, పనికి వేరు, పెంపు ఎలా అన్నది ఇప్పుడే రాసేయండి.

పన్ను గురించి ఒక్క మాట, చర్చ దారితప్పకుండా. ఎవరికెంత అన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే ఆదాయానికి సాధారణంగా గరిష్ఠ రేటు పడుతుంది, కొన్ని మినహాయింపులున్నాయి. మీ డీడ్‌లో ఆదాయమంతా అబ్బాయికే అని ఉంది కాబట్టి మీ లెక్క వేరు. మీ ఆడిటరుతో ఆ పేరా ఒక్కటి చదివించండి.

మేనమామని

ఇంకొకటి అన్నయ్యా. మీరూ వదినగారూ బతికుండగానే మొదలుపెట్టండి. మొదటి ట్రస్టీలు మీరిద్దరే, మూడోవారిగా మీరు అనుకుంటున్న మనిషి. రెండేళ్లు మీ పక్కన కూర్చుని అద్దెలు రాయనీ, బిల్లులు చూడనీ. ఆయన కాగితం దాస్తారో లేదో, ఫోనెత్తుతారో లేదో మీ కళ్లతోనే చూస్తారు. నన్ను మా బావగారు అలాగే పెట్టారు. నాకప్పుడు చిన్నతనంగా అనిపించింది, ఇప్పుడు ఆ రెండేళ్లే ఆసరా.

అబ్బాయి గురించి ఒక ఉత్తరం కూడా రాసి డీడ్‌తో పాటు పెట్టండి. చట్టబద్ధం కాకపోయినా పర్లేదు. ఏ మాత్ర ఎప్పుడు, ఏ చప్పుడుకి బెదురుతాడు, కోపమొస్తే ఏం చేస్తే తగ్గుతుంది, ఏ పండక్కి ఎవరింటికి వెళ్లడం ఇష్టం. మా అక్క రాసినదాంట్లో "చొక్కా కొత్తదైతే ముందు రెండుసార్లు ఉతికి ఇవ్వండి, గరుకుగా ఉంటే విప్పేస్తాడు" అని ఉంది. డీడ్ మొత్తంలో దొరకని సంగతి అది.

ముక్కుసూటి

ఒప్పుకుంటున్నా, చాలా నేర్చుకున్నా. అయినా ఒకటి మాత్రం అంటాను. అక్కని పూర్తిగా డబ్బుకి దూరం పెట్టడం నాకు మింగుడుపడట్లేదు. కాగితాలన్నీ పక్కాగా ఉండి, ఇంటికొచ్చి "ఏం రా, తిన్నావా" అని అడిగే మనిషి లేకపోతే ఏం లాభం?

చిట్టితల్లి

ఆ మనిషిని ఏ డీడూ తెచ్చిపెట్టలేదు ముక్కుసూటి గారూ. ఉన్న మనిషిని డబ్బు గొడవల్లోకి లాగి పోగొట్టుకోకుండా మాత్రం ఆపగలదు. మా గ్రూపులో ఇద్దరు అన్నదమ్ములు ట్రస్టు ఖాతా దగ్గర మాటలు మానేశారు, చెల్లెల్ని చూడ్డానికి ఇద్దరూ రావడం లేదు.

సాయంత్రపునడక

కాస్త ఆలస్యంగా రాస్తున్నాను. ఈలోగా అందరితో మాట్లాడాం.

స్నేహితుణ్ణి అడిగితే ఆయన రెండు రోజులు టైమడిగి, డీడ్ డ్రాఫ్టు తీసుకెళ్లి, పెన్సిల్‌తో ప్రశ్నలు రాసుకొచ్చారు. షాపు ఖాళీగా ఉన్న నెలల్లో కేర్‌టేకర్ జీతం ఎక్కణ్ణించి, వాణ్ణి హాస్టల్లాంటి చోట చేర్చాల్సొస్తే ఇల్లు అమ్మొచ్చా, అని. అప్పుడే ఆయన పేరు ఖాయం చేసుకున్నాను. బావమరిదికి ముందు కోపమొచ్చింది, తరవాత "నాకు చెక్ పవర్ వద్దు బావా, వాణ్ణి నా దగ్గరే ఉంచండి" అన్నాడు. గార్డియన్‌షిప్‌కి మేమిద్దరం దరఖాస్తు పెడుతున్నాం, మా తరవాత బావమరిది చూసుకునేలా. షాపు అద్దె ఇప్పుడే సరైన రేటుకి మార్చి, మూడేళ్లకోసారి ఎంత పెరగాలో లీజులోనే రాసేస్తున్నాం, రేపు ఏ ట్రస్టీ మొహమాటపడక్కర్లేకుండా.

మొదటి ట్రస్టీలు మేమిద్దరం, స్నేహితుడు. మాలో ఒకరు పోతే ఆ స్థానంలోకి మా పినతండ్రి మనవడు వస్తాడు, నలభైలోపు, లెక్చరరు. వాడికీ ఏ వాటా లేదు, అడిగి ఒప్పించాం. తీసే, వేసే అధికారం అమ్మాయికి. ఆమె ఫోన్లో "హమ్మయ్య" అంది. నొచ్చుకుంటుందని నేను భయపడ్డాను.

ఎర్రసిరా గారూ, ఆఖరి ప్రశ్న. ఇల్లూ షాపులూ ఉన్నాయి కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు కదా? స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఎవరో వీలునామాలో పెట్టమంటున్నారు.

ఎర్రసిరా

స్థిరాస్తి ట్రస్టులోకి రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో, రిజిస్టరై ఉండాలి. లేదా వీలునామా ద్వారా రావాలి. రెండూ చెల్లుతాయి. వీలునామా అయితే మీరు పోయాక గానీ ట్రస్టు పుట్టదు, అప్పుడు మేనమామని గారు చెప్పిన ఆ రెండేళ్లు మీకు దొరకవు. డ్యూటీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క వేయించుకుని చూడండి. బరువనిపిస్తే డిపాజిట్లతో ట్రస్టు ఇప్పుడే మొదలుపెట్టి, ఇల్లూ షాపులూ వీలునామాలో అదే ట్రస్టుకి రాయొచ్చు. అలా చేస్తే మీరిద్దరూ విడివిడిగా వీలునామాలు రాయాలి, ఏ ఆస్తి ఎవరి పేరున ఉందో చూసుకుని.

లెక్చరరుగారి ఒప్పుదల నోటిమాటగా వదిలెయ్యకండి. డీడ్‌లో ఆయన చేత కూడా సంతకం పెట్టించండి.